తీర్పు కంటే ముందు వచ్చిన నోటీసు

హాంకాంగ్‌లో 'యాపిల్ డైలీ' దినపత్రికను మూసెయ్యాలని ఏ కోర్టూ తీర్పు చెప్పలేదు. 2021 జూన్ 17న 500 మంది పోలీసులు పత్రిక కార్యాలయంలోకి చొరబడి విలేకరుల కంప్యూటర్లు పట్టుకుపోయారు. సంపాదకులను అరెస్టు చేశారు. ఆ రోజే మూడు అనుబంధ కంపెనీలకు చెందిన కోటీ 80 లక్షల హాంకాంగ్ డాలర్ల ఆస్తులను స్తంభింపజేశారు. వారం తిరిగేసరికి, జూన్ 24న, చివరి సంచిక వెలువడింది. ఆ రోజు పది లక్షల ప్రతులు అచ్చువేస్తే జనం అర్ధరాత్రి నుంచే బారులు తీరి కొనుక్కున్నారు. పాఠకులున్నారు, డబ్బూ ఉంది. ఆ డబ్బు తీసుకోవడానికే వీల్లేకపోయింది.

ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో పాఠకులకు తెలియాలి. హాంకాంగ్‌కు చైనా ప్రభుత్వం తెచ్చిన, 2020 జూన్ 30న అమల్లోకి వచ్చిన జాతీయ భద్రతా చట్టం 43వ అధికరణ కింద కొన్ని నిబంధనలు చేశారు. దేశ భద్రతను దెబ్బతీసే నేరంతో సంబంధముందన్న సహేతుక అనుమానం ఉంటే చాలు, భద్రతా కార్యదర్శి ఒక్క లిఖితపూర్వక నోటీసుతో ఆస్తిని స్తంభింపజేయవచ్చు. ముందుగా కోర్టు గడప తొక్కనక్కర్లేదు. ఆ తర్వాత తెలిసీ ఆ ఖాతాతో లావాదేవీ నడిపితే అదీ నేరమే కాబట్టి ఏ బ్యాంకూ సాహసించదు. నోటీసును కోర్టులో సవాలు చేయవచ్చు. కానీ వాదనలు పూర్తయ్యేదాకా జీతాలు, కాగితం, సిరా, కరెంటు బిల్లు ఆగవు. పైగా జీతమివ్వలేనని తెలిసీ ఉద్యోగిని కొనసాగించడం అక్కడి కార్మిక చట్టం ప్రకారం యజమాని తప్పు. అప్పు చేసో, బతిమాలుకునో నాలుగు రోజులు నడుపుదామన్నా దారి లేదు.

ఈ పత్రికను 1995లో స్థాపించిన జిమ్మీ లై పన్నెండేళ్ల వయసులో చైనా నుంచి హాంకాంగ్ చేరి, ఫ్యాక్టరీ కూలీగా మొదలై, దుస్తుల వ్యాపారంలో ఎదిగిన మనిషి. ఆయన పత్రిక సంచలనాల కోసం హద్దులు దాటిన సందర్భాలూ ఉన్నాయి, వాటిని మేము సమర్థించం. అందుకు విమర్శ ఉంది, పరువునష్టం దావా ఉంది. చెరసాల దానికి మందు కాదు.

ఆయన విషయంలో బెయిల్ నిబంధనే తలకిందులైంది. నిందితుడు మళ్లీ దేశ భద్రతకు ముప్పు తేడన్న నమ్మకం జడ్జికి కలిగితే తప్ప బెయిల్ ఇవ్వరాదంటుంది ఆ భద్రతా చట్టం 42వ అధికరణ. 2020 డిసెంబర్ 23న హైకోర్టు ఇచ్చిన బెయిల్ 31వ తేదీకల్లా పోయింది. కోరుకున్న బ్రిటిష్ న్యాయవాదిని అత్యున్నత న్యాయస్థానం అనుమతించినా, బీజింగ్ చట్టానికి కొత్త భాష్యం చెప్పి అడ్డుపడింది. జ్యూరీ లేకుండా, ప్రభుత్వాధినేత నియమించిన జాబితాలోని ముగ్గురు జడ్జీల ముందు 2023 డిసెంబర్‌లో విచారణ మొదలైంది. 2025 డిసెంబర్ 15న భద్రతా చట్టం కింద దోషిగా తేల్చేనాటికి ఆయనకు 78 ఏళ్లు. అప్పటికే దాదాపు అయిదేళ్లుగా జైల్లో ఉన్నారు.

హాంకాంగ్‌కు రాజ్యాంగంలాంటి మౌలిక చట్టం 27వ అధికరణ పత్రికా స్వేచ్ఛకు హామీ ఇస్తోంది. అది నిలబడాలంటే పత్రిక ఆస్తిని స్తంభింపజేసే ముందు జడ్జి ఆమోదం తప్పనిసరి చేయాలి. జీతాలకు, ముద్రణకు కావలసిన సొమ్మును నోటీసు నుంచి మినహాయించాలి. అప్పీలును రోజుల్లోనే విని తేల్చాలి. జిమ్మీ లైని, ఆయనతోపాటు జైలుపాలైన సంపాదకులను వెంటనే విడుదల చేయాలి.