సవరణ: టీడీఎస్ తక్కువైతే నీళ్లు మంచివని కాదు

చిన్న పట్టణాల కుళాయి నీళ్ల గురించి రాసిన పోస్టులో, టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న లవణాల వంటి పదార్థాల మొత్తం) కొలిచే మీటర్‌లో లీటరుకు 300 మిల్లీగ్రాముల లోపు చూపిస్తే నీళ్లు నిశ్చింతగా తాగొచ్చని రాశాను. అది తప్పు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటి మార్గదర్శకాల్లో టీడీఎస్‌కు ఆరోగ్యపరమైన పరిమితి అంటూ లేదు. అందులో చెప్పింది రుచి గురించి: లీటరుకు 600 మిల్లీగ్రాముల లోపు ఉంటే రుచి బాగుంటుంది, 1000 దాటితే తాగబుద్ధి కాదు. అంతే. ఆ చిన్న మీటర్ నిజానికి కొలిచేది నీటిలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో. దాన్నిబట్టి కరిగిన లవణాల అంచనా వేస్తుంది. బ్యాక్టీరియా దానికి కనిపించదు. ఆర్సెనిక్ అనే విషపదార్థం సంగతి ఇంకా ఘోరం. దాని పరిమితి లీటరుకు 0.01 మిల్లీగ్రాములు, మీటర్ లెక్కపెట్టేదేమో ఒక్కో మిల్లీగ్రాము చొప్పున! కాబట్టి పరిమితికి పదింతలున్నా అంకె కదలదు.

మురుగు కలిసిందో లేదో తెలియాలంటే ల్యాబ్‌లో ఈ.కోలి (మలంలో ఉండే బ్యాక్టీరియా) పరీక్ష చేయించాలి. 100 మిల్లీలీటర్ల నీటిలో అది అసలు కనిపించకూడదు. కుళాయి దగ్గర క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉందా అన్నదీ చూడాలి. దీనికి చౌక కిట్లు దొరుకుతాయి, ఇంట్లోనే చూసుకోవచ్చు.

ఇంకో మాట. ఆ పోస్టులో "మరిగిస్తే మంచిది" అన్నది సూక్ష్మజీవుల గురించే. కొందరు నైట్రేట్, ఫ్లోరైడ్ కూడా పోతాయని అర్థం చేసుకున్నారు. పోవు. నీరు ఆవిరై వాటి గాఢత కాస్త పెరుగుతుంది కూడా. పాత పోస్టులో టీడీఎస్ గురించి తప్పుగా రాసిన పేరా తీసేశాను.