ముట్టుకోవద్దంటే ఆ పిల్లకి ఎలా తెలుస్తుంది?

ఇవాళ మా తమ్ముడి కూతుర్ని సైన్స్ ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్లాను. పుట్టినప్పటి నుంచీ దానికి చూపు లేదు. ధవళేశ్వరం బ్యారేజీ నమూనా మీద చెయ్యి వేయబోతే ఒక మాస్టారు గబగబా వచ్చి ఆ చెయ్యి లాగేశారు. పిల్లకి కనపడదండీ అని చెప్పాను. "మరి ఇక్కడ ఏం చూస్తుందని తెచ్చారండీ?" అన్నారు, పిల్ల వింటుండగానే. ఇంటికొచ్చినా నా ఒళ్లు మండుతూనే ఉంది.

థర్మాకోల్ ముక్క ఊడితే ఫెవికాల్ పెట్టి అంటించుకోవచ్చు. ఎగ్జిబిషన్ అయ్యాక దాన్ని ఎలాగూ పారేస్తారు. దాని కోసమా పిల్లనంత మాట అనడం?

మన బ్యారేజీ ఒకటే గోడ కాదు. గోదావరి అక్కడ లంకల మధ్య పాయలుగా చీలి ఉంటుంది కాబట్టి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా కట్టారు. మొత్తం 175 గేట్లు. రోజూ బస్సులో దాని మీద వెళ్లేవాళ్లలోనే ఎంతమందికి తెలుసు ఈ సంగతి? ఒక్కసారి ఆ నమూనాని తడిమి ఉంటే మా పిల్లకి తెలిసిపోయేది. కాలవల మీద పడవల్ని ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి ఎక్కించి దించే లాకులూ అంతే. ఒక తొట్టి, రెండు తలుపులు, ఒక బొమ్మ పడవ చాలు. తలుపులు మూసి నీళ్లు వదులుతుంటే నీటిమట్టం మణికట్టు దాటి పైకి రావడం, పడవ లేవడం చేతికే తెలుస్తుంది. కళ్లున్న పిల్లలకి కూడా చార్టు కన్నా ఇదే బాగా ఎక్కుతుంది.

కోరింగ మడ అడవుల గురించి ఒక బల్ల నిండా ఫోటోలే. ఉప్పు బురదలో గాలి అందక ఆ చెట్లు వేళ్లని పైకి పొడుచుకొచ్చేలా పెంచుతాయి. బంకమట్టితో నాలుగు వేళ్లు చేసి పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది?

టెలిస్కోపేమో మేడ మీద పెట్టారు. వీల్‌చైర్‌లో వచ్చిన అబ్బాయి కిందే కూర్చుండిపోయాడు. ఓట్లప్పుడు బడుల్లో ర్యాంపులు వేయించగలిగినవాళ్లకి, ఒక టెలిస్కోపు కింద పెట్టాలని తోచలేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఇక్కడ ఒక్కదాన్ని గుర్తించినవాళ్లు కూడా లేరు.

అసలు నా కోపం ఈ ఒక్కరోజుది కాదు. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టిన శ్రీకాంత్ బొల్లాకి చూపు లేదని ఇంటర్‌లో సైన్స్ ఇవ్వడం కుదరదన్నారు. కోర్టుకెళ్లి సాధించుకున్నాడు, తర్వాత అమెరికాలో ఎంఐటీలో చదివాడు. అందరూ ఆయన ఫోటో పెట్టి స్ఫూర్తి అంటారు. పదో తరగతి పాసైన పిల్లాడు సైన్స్ చదవడానికి కోర్టు మెట్లెందుకు ఎక్కాల్సి వచ్చిందని ఎవరూ అడగరు. కోర్టుకెళ్లే దారి లేక ఆగిపోయిన పిల్లల సంగతి ఎవరికి పట్టింది?

మా ఇంట్లోనూ అప్పుడే సలహాలు మొదలయ్యాయి. సంగీతం నేర్పించండి, ఇంటర్‌లో హెచ్‌ఈసీలో చేర్చెయ్యండి అని. సంగీతం మంచిదే, దానికి ఇష్టమైతే నేర్చుకుంటుంది. కానీ అది నన్ను అడిగేది రాగాల గురించి కాదు. సముద్రంలో కలిసే చోట గోదావరి ఇసుక ఎందుకు మేట వేస్తుంది, పోటు వస్తే కాలవ నీళ్లు ఎందుకు ఉప్పగా అవుతాయి అని అడుగుతుంది. అందుకే చెబుతున్నాను, హెచ్‌ఈసీ అంటూ మా గడప తొక్కొద్దు. దానికి ఎంపీసీ కావాలి, ఎంపీసీలోనే చేరుస్తాం.