ఓరుగల్లుకు రేవు ఎంత దూరం?

సీజన్‌లో పొద్దున్నే ఏనుమాముల మార్కెట్‌కు వెళ్తే ఆ రోజు ధర తేల్చే వేలం, జెండాపాట వినిపిస్తుంది. తేజ మిర్చి ధర పడిపోయిన రోజున ఎందుకని అడిగితే అడ్తిదారు నోట వచ్చే మాట ఒకటే: "చైనా ఆర్డర్లు లేవు." బస్తా మీద కూర్చున్న రైతు ఓడను కంటితో చూసి ఉండకపోవచ్చు. ఆయన చేతికి ఎంత వస్తుందో మాత్రం కొంతవరకు ఓడే తేలుస్తుంది.

తీరం ఉన్న దేశాలే బాగుపడతాయన్నది పాత వాదన. అందులో నిజం లేకపోలేదు. ప్రపంచ వాణిజ్యంలో పరిమాణం లెక్కన 80 శాతానికి పైగా సరుకు నడిచేది సముద్రం మీదే. కానీ ఒడ్డు ఉన్నంత మాత్రాన ఓడలు రావు. ఈ సంగతి ఓరుగల్లు కోటలో కూర్చున్న గణపతిదేవుడు బాగా ఎరుగు.

కృష్ణకు దక్షిణాన, సముద్రపు ఒడ్డున ఉన్న మోటుపల్లిలో ఆయన 1244-45 ప్రాంతంలో వేయించిన అభయశాసనం ఇప్పటికీ ఉంది. తుఫానుకు కొట్టుకొచ్చి ఒడ్డున పడిన ఓడల్లోని ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ అంతకుముందు రాజులు లాక్కునేవారట. ప్రాణం కన్నా ధనమే ఎక్కువనుకుని సముద్రం మీదికి వచ్చినవాళ్లు కదా, నిర్ణయించిన సుంకం తప్ప మాకేమీ వద్దు అన్నాడు గణపతిదేవుడు. ఆ సుంకం ముప్పయ్యోవంతు. కర్పూరం, పన్నీరు, ముత్యాలు, పట్టు, మిరియాలు, ఏ సరుకుకు ఎంతో కూడా రాతి మీదే చెక్కించాడు. దయ అని రాసుకున్నా, నా దృష్టిలో ఇది పక్కా వ్యాపార లెక్క. దోచుకుంటే ఒక్క ఓడ దక్కుతుంది, మాట నిలబెట్టుకుంటే వంద ఓడలు వస్తాయి. తర్వాత కొన్ని దశాబ్దాలకు మార్కో పోలో ఈ రేవును 'ముత్ఫిలి' అని రాసి, ఇక్కడి సన్నని బట్టల్ని తెగ పొగిడాడు.

ఆ అభయం ఇప్పటికీ పనిచేస్తుంది. స్విట్జర్లాండ్‌కు సముద్రం లేదు. బాసెల్ దగ్గర రైన్ నదిలో పడవెక్కిన సరుకు రాటర్‌డామ్ చేరుతుంది. నదిలో అందరి పడవలూ స్వేచ్ఛగా తిరగొచ్చని 1868లో మాన్‌హైమ్ ఒప్పందం రాసుకున్నారు. ఇథియోపియా కథ వేరు. 1993లో ఎరిట్రియా విడిపోవడంతో తీరం పోయింది, 1998లో యుద్ధం రావడంతో అసబ్ రేవు దారీ మూసుకుపోయింది. ఇప్పుడు దాదాపు అన్నిటికీ జిబూటీయే దిక్కు.

తెలంగాణ ఇథియోపియా కాదు. మనకూ రేవుకూ మధ్య దేశ సరిహద్దు లేదు, 2017లో జీఎస్టీ వచ్చాక పన్ను చెక్‌పోస్టులూ పోయాయి. తీరం లేదని బాధపడటంలో అర్థం లేదు. అసలు టెన్షన్ ఖర్చుతో, ఆలస్యంతో. హైదరాబాద్ వైపు డ్రై పోర్టు (తీరానికి దూరంగానే కస్టమ్స్ పనులు ముగించి సరుకు పంపే చోటు), అక్కణ్నుంచి బందరుకు పూర్తిగా కొత్తగా వేసే గ్రీన్‌ఫీల్డ్ రోడ్డు కావాలని రాష్ట్ర ప్రభుత్వం అంటోంది. మంచిదే. కానీ ఎగుమతి సరుకు ఇటువైపూ ఉంది కదా! మిర్చి వరంగల్‌ది. కరీంనగర్ గ్రానైట్ రైలెక్కి కాకినాడకు, అక్కణ్నుంచి చైనాకు పోతోంది. గీసుగొండ, సంగెం మధ్య టెక్స్‌టైల్ పార్కు వచ్చింది. ఈ సరుకంతా ముందు హైదరాబాద్‌కు వెళ్లి మళ్లీ తూర్పుకు తిరగాలా?

కాజీపేట నుంచి బెజవాడకు పట్టాలు నిజాం కాలం నుంచే ఉన్నాయి. వాటి పక్కన ఒక కస్టమ్స్ షెడ్డు, కంటైనర్‌కు ఇక్కడే సీలు వేసే అధికారి ఒకరు ఉంటే చాలు.