ఈ పేరు తుడిస్తే పోతుందా?

ఆగస్టులో ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం పేద పిల్లలకి చేసిన స్కూల్ బ్యాగుల పంపిణీ ఫోటోలు మీ అందరి వాట్సాప్ గ్రూపుల్లోకీ వచ్చే ఉంటాయి. బ్యానర్ పట్టుకుని కమిటీ మొత్తం, ముందు వరసలో పిల్లలు, ఎడమ చివర సగం తల మాత్రమే పడ్డది నాది.

మొదటి ఫోటోలో బ్యానర్ మడత పడిందని రెండోసారి తీశారు. అప్పటికే బ్యాగులు తగిలించుకుని స్టేజీ దిగిపోయిన పిల్లల్ని వెనక్కి పిలిచి, బ్యాగులు వాళ్ళ దగ్గర తీసుకుని, మళ్ళీ కొత్తగా ఇస్తున్నట్టు ఇచ్చారు. వాళ్ళలో ఒకడు, మూడో క్లాసు ఉంటాడేమో, ఫోటో అవ్వగానే నా పక్క కుర్చీలో కూచుని బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, ముందు జేబు మీదున్న మన లోగోని బొటనవేలి గోరుతో గీకడం మొదలెట్టాడు. స్టిక్కర్ అనుకున్నాడు పాపం, అది ప్రింటు. కాసేపు గీకి, ఉమ్ము రాసి రుద్ది, ఈ పేరు తుడిస్తే పోతుందా అని అడిగాడు. పోదు, ఎందుకూ అన్నా. సోమవారం క్లాసులో అందరికీ తెలిసిపోతుంది కదా అన్నాడు.

లోగో ఇంకొంచెం పెద్దగా వెయ్యమని వెండర్‌కి మెయిల్ కొట్టింది నేనే. స్పాన్సర్లకి కనపడొద్దా అని మీటింగులో వాదించింది కూడా నేనే.

తర్వాత స్పీచ్. పెద్దాయన ఒకరు, పేరెందుకు లెండి, మేమూ లేమిలోంచి వచ్చినవాళ్ళమే, కష్టపడి చదివాం, మీరూ చదివితే మాలాగే అవుతారు అన్నారు. చప్పట్లు. నేనూ కొట్టా.

మనవాళ్ళని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, రాత్రి రెండింటిదాకా కూచుని ఆ బ్యాగుల్లో పెన్సిళ్ళు సర్దినవాళ్ళు నాకు తెలుసు. కానీ ఒక్కసారి మనం ఇళ్ళు ఎలా కొన్నామో గుర్తు చేసుకోండి. ముందు స్కూల్ రేటింగ్, తర్వాతే బెడ్రూములు. రేటింగు పదికి 9 అయితే ఓకే, 5 అంటే ఏజెంటుని ఆ వీధిలోకి కారు కూడా తిప్పొద్దన్నాం. కష్టపడితే ఎక్కడున్నా పైకొస్తారని నిజంగా నమ్మేవాళ్ళమే అయితే ఆ రేటింగు కోసం ఏడాది పాటు ఓపెన్ హౌసుల చుట్టూ ఎందుకు తిరిగాం, లోను ఎందుకు అంత పెంచుకున్నాం? చోటు ముఖ్యం అని మనకి తెలుసు. మన పిల్లల దగ్గరికి వచ్చేసరికి బ్రహ్మాండంగా తెలుసు.

అదేదో మన చాదస్తం కూడా కాదు. 1994 నుంచి 1998 దాకా అమెరికా ప్రభుత్వం బాల్టిమోర్, బోస్టన్, చికాగో, లాస్ ఏంజెలెస్, న్యూయార్క్ ఈ అయిదు ఊళ్ళలో పేదల హౌసింగుల్లో ఉండే దాదాపు 4,600 కుటుంబాల మధ్య లాటరీ తీసి, కొంతమందికి పేదరికం తక్కువున్న ఏరియాలకి మారడానికి అద్దె వోచర్లు ఇచ్చింది. మొదట్లో పరీక్ష మార్కులు పెద్దగా పెరగలేదని అందరూ పెదవి విరిచారు. పిల్లలు పెద్దయ్యాక, 2015లో, రాజ్ చెట్టీ అనే ఎకనామిస్టు ఇంకో ఇద్దరితో కలిసి లెక్క తీస్తే, 13 ఏళ్ళ లోపు మారినవాళ్ళ సంపాదన మారని పిల్లలకంటే 31 శాతం దాకా ఎక్కువుంది. ఆ వయసు దాటాక మారినవాళ్ళకి లాభమేమీ కనపడలేదు. అవే కుటుంబాలు, అలాంటి పిల్లలే, మారింది వీధి.

ఇక స్కూలు బడ్జెట్‌లో పెద్ద వాటా లోకల్ ప్రాపర్టీ టాక్సే, అంటే ఇళ్ళ రేట్లు పడిపోయిన చోట బడికి లోకల్‌గా వచ్చే డబ్బూ తక్కువే. పాత ఇళ్ళ గోడల్లో పిల్లల మెదడుకి చేటని 1978లో నిషేధించిన సీసం పెయింటు ఇంకా రాలుతూ ఉంటుంది. అద్దె కట్టలేక ఏడాది మధ్యలో ఇల్లు మారితే బడి కూడా మారుతుంది, భిన్నాలు సగంలో ఉండగా ఇంకో బడికి పోతే అక్కడ భిన్నాలు అయిపోయి దశాంశాలు నడుస్తుంటాయి. ఆ పిల్లకి నువ్వు చదవట్లేదు అని ఎవరు చెప్తారు?

మేమూ లేమిలోంచే వచ్చాం అంటే, అవును, నేనూ వచ్చా. ఒక గది అద్దె ఇల్లు, అయిదుగురం. కానీ మా పక్కింటాయన టీచరు, ఎదురింట్లో బ్యాంకు గుమాస్తా. సాయంత్రం టీచరుగారి అరుగు మీద కూచుంటే పేపరు చదివి వినిపించమనేవారు, తప్పు చదివితే చెవి మెలేసేవారు. స్కాలర్‌షిప్ ఫారం నింపింది ఆయనే, సంతకం కోసం ఆఫీసుకి సైకిల్ మీద తీసికెళ్ళింది ఆ గుమాస్తాగారే. మేం పేదవాళ్ళం, మా వీధి కాదు. ఉద్యోగాలున్న కుటుంబాలు ఖాళీ చేసి వెళ్ళిపోతే మిగిలిన పిల్లలకి ఏం పోతుందో విలియం జూలియస్ విల్సన్ అనే సోషియాలజిస్టు 1980లలోనే చికాగో గురించి రాశాడు, అది చదువుతుంటే నాకు ఆ అరుగే గుర్తొచ్చింది. అయితే మా వీధి చివర గుడిసెల పిల్లలు ఆ అరుగు ఎక్కితే మా అమ్మే దించేసేది, అదీ చెప్పాలి కదా.

డబ్బు ఇస్తే సోమరులవుతారని డిన్నర్లలో అనుకుంటాం కదా మనం. 2021లో చైల్డ్ టాక్స్ క్రెడిట్, అంటే పిల్లలున్న కుటుంబాలకి టాక్సులో ఇచ్చే సాయం, పెంచి, జులై నుంచి డిసెంబర్ దాకా నెలనెలా అకౌంట్లలో వేశారు, అసలు ఆదాయం లేని ఇళ్ళకి కూడా పూర్తిగా ఇచ్చారు. ప్రభుత్వ సాయాలన్నీ కలిపి చూసే లెక్కలో ఆ ఏడాది పిల్లల పేదరికం 5.2 శాతానికి దిగింది. ఆ పెంపు ఆపేశాక 2022లో 12.4. ఒక్క ఏడాదిలో పిల్లలంతా బద్ధకస్తులైపోలేదు కదండీ.

టాక్సు చట్టాలు మన కమిటీ చేతిలో లేవు, ఒప్పుకుంటా. మన చేతిలో ఉన్నవి శనివారాలు. చికాగో హైస్కూళ్ళలో ఇద్దరు పిల్లలకి ఒక ట్యూటర్ చొప్పున రోజూ ఒక పీరియడ్ లెక్కలు చెప్తే మార్కులు బాగా పెరిగాయి. మనం రోజూ వెళ్ళలేం. వారానికి రెండు గంటలు, ఏడాది పొడుగునా, అదే మనిషి అదే పిల్లాడి దగ్గరికి వెళ్ళగలం. మన పిల్లల్ని కాంపిటీషన్లకి తోమినట్టు తోమక్కర్లేదు, పక్కన కూచుని చదివించి, తప్పొస్తే ఆపితే చాలు. చెవి మెలెయ్యొద్దు, ఇక్కడ కేసవుతుంది. బ్యాగులూ ఇద్దాం, పేరు లేకుండా, స్టేజీ లేకుండా, స్కూల్ కౌన్సెలర్ గదిలో పెట్టేసి వచ్చేద్దాం. దయచేసి వచ్చే మీటింగు ఎజెండాలో ఇది పెట్టండి, గాలా డెకరేషన్ కంటే ముందు పెట్టండి. నాతో కలిసి శనివారం వచ్చేవాళ్ళు నలుగురు దొరికినా మొదలుపెట్టేస్తా.

మిగిలిన బ్యాగులు రెండు డబ్బాలు మా గ్యారేజ్‌లో ఉన్నాయి. ఒకదాని మీద నెయిల్ పాలిష్ రిమూవర్‌తో రుద్ది చూశా, పేరు సగం పోయింది, గుడ్డ తెల్లబడింది. కుట్టుమిషను ఉన్నవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, నల్ల గుడ్డ నేను తెస్తా.