పేరు చెప్పిన వారిదే పెట్టె

నెల్లూరు పొగతోటలోని ఒక పెద్దాసుపత్రిలో, తల్లికి చారన్నం తెచ్చిన కొడుకు చేత కూడా కాపలాదారు క్యారేజీ మూత తీయించి, పాసు చూసి, రిజిస్టరులో సంతకం పెట్టించి గానీ లోపలికి వదలడు. ఇంతటి అప్రమత్తతను మనసారా అభినందిస్తూ, అదే భవనంలో రోగులందరి స్కానింగులూ దాచిన స్టోరేజీ పెట్టె పాటిస్తున్న ఆతిథ్య ధర్మాన్ని కూడా పాఠకులకు విన్నవించుకుంటున్నాను.

దూరాన ఉన్న డిస్కును నెట్‌వర్కు మీదుగా సొంత డిస్కులా వాడుకోనిచ్చే ఐస్కజీ పద్ధతిలో నడిచే ఆ పెట్టె, 3260వ పోర్టు అనే నెట్‌వర్కు గుమ్మం దగ్గర కూర్చుని ఉంటుంది. వచ్చిన కంప్యూటరు తన ఐక్యూఎన్, అంటే ఏడాదీ నెలా, తిరగేసిన డొమైనూ, చివర ఒక తోకా కలిసిన పేరు, చెప్పాలి. "ఎవరు నాయనా?" "స్కానింగు గది సర్వర్నండీ." "రా అబ్బయ్యా, ఎండన పడి వచ్చావు, ఈ డిస్కు నీదే. చదువుకో, రాసుకో, విసుగొస్తే చెరిపేసుకో." లినక్స్ యంత్రంలో ఆ పేరు ఒక మామూలు ఫైలులో ఉంటుందనీ, అడ్మిన్ అధికారమున్న ఎవరైనా దాన్ని దిద్దుకోవచ్చుననీ పెట్టె ఎరుగదు. అసలు సర్వరూ ఈ కొత్త చుట్టమూ ఒకే డిస్కులో ఒకరికి తెలియకుండా ఒకరు రాస్తూ పోతే, ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే ఫైల్ సిస్టం మిగలదు.

దీనికి విరుగుడు చాప్, అంటే పేరు చెప్పినవాడు రహస్యం కూడా తెలుసని నిరూపించుకునే పద్ధతి. పెట్టె ప్రతిసారీ కొత్త సవాలు విసురుతుంది. కంప్యూటరు తన రహస్యాన్ని అందులో కలిపి హాష్ చేసి, అంటే వెనక్కి విప్పలేని ముద్దగా మార్చి, ఆ ఫలితాన్ని మాత్రమే పంపుతుంది. ఈ సదుపాయం ప్రతి తయారీలోనూ ఉండి తీరాలని 2004 నాటి ఐస్కజీ ప్రమాణమే శాసించింది. వాడి తీరాలని మాత్రం శాసించలేదు. ఆసుపత్రి కంప్యూటర్లు చూసే మనవాళ్లకు ఆ సందు చాలింది, చాప్ ఆపేశారు.

ఎందుకు ఆపేశారయ్యా అంటే, "స్పీడు తగ్గుతుంది సార్" అన్నారు. అబద్ధం! చాప్ లాగిన్ దగ్గర జరిగే తంతు. ఆ తర్వాత డిస్కు మీద రాసే ఒక్క బైటు జోలికీ రాదు. కనిగిరి నుంచి బస్సెక్కి వచ్చే కిడ్నీ రోగి ఏళ్ల తరబడి చేయించుకున్న పరీక్షలన్నీ ఆ పెట్టెలో ఉన్నాయి. అవి పోతే మళ్లీ చేయించుకోవడానికి అతను ఎవరిని అప్పడగాలి? నాలుగు మీటల పని చేయడానికి బద్ధకం వేసి, దానికి స్పీడని పేరు పెట్టడానికి సిగ్గుండాలి.

పోరగా పోరగా చాప్ పెట్టారు, అదీ ఇరువైపులా, అంటే పెట్టె కూడా కంప్యూటరుకు తనెవరో నిరూపించుకునేలా. రహస్యం పన్నెండు అక్షరాలైనా ఉండాలని తెర అడిగితే, ఆసుపత్రి పేరు కొట్టి వెనక 123 తగిలించారు. రెండు దిక్కులా ఒకే రహస్యం వాడకూడదని అదే ప్రమాణం నిషేధించింది గనుక, రెండో దిక్కున 124 పెట్టారు.