హాఫ్-లైఫ్‌ను హెడ్‌సెట్‌ల పెట్టుడు న్యాయమేనా? ఒక వాదోపవాదం

వాల్వ్ కంపెనీ తన హాఫ్-లైఫ్ అనే తుపాకుల వీడియో గేమ్ సిరీస్‌లో హాఫ్-లైఫ్: ఆలిక్స్‌ను 2020 మార్చి 23న విడుదల చేసింది. వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్, అంటే ఆట లోపలే ఉన్నట్టు చూపించే కళ్ళకు కట్టుకునే పరికరం, ఉంటేనే ఆడగలిగేలా తయారుచేసింది. ఈ సిరీస్‌లో అంతకు ముందటి కథాభాగం ఎపిసోడ్ టూ వచ్చిన 2007 నుంచి ఎదురుచూసిన అభిమానుల మధ్య ఆ నిర్ణయం మీద పంచాయితీ ఇంకా తెగలేదు. హన్మకొండలో ఇద్దరు అభిమానులు కూర్చుని తేల్చుకుంటే వాదన ఎలా నడుస్తుందో ఇక్కడ రాశాం. వయసులో పెద్దవాడు మానిటర్ పక్షం, చిన్నవాడు హెడ్‌సెట్ పక్షం. కథ ముగింపు మాటల్లో వస్తుంది కాబట్టి ఇంకా ఆడనివాళ్ళు చూసుకుని చదవండి.

మానిటర్ పక్షం: తమ్మీ, ముందుగాల నా మాట సాఫ్‌గ చెప్త. వీఆర్ చెడ్డదని నేను అంటలేను. ఆలిక్స్ మంచి ఆట గాదని కూడ అంటలేను. నా లొల్లి వేరే. 1998ల హాఫ్-లైఫ్, 2004ల హాఫ్-లైఫ్ 2, అటెన్క రెండు ఎపిసోడ్లు. అన్నీ మామూలు కంప్యూటర్ మీద, కీబోర్డు మౌసుతోని ఆడినయే. ఎపిసోడ్ టూ, ఆలిక్స్ అనే పిల్ల నాయన ఏలై వాన్స్ చావు కాడ ఆగిపోయింది. ఆ ముడి ఎక్కడ ఇప్పిన్రు? ఆమె పేరున్న ఆలిక్స్ ఆటల. హాఫ్-లైఫ్ 2 కన్న ఐదేండ్ల ముందటి కథ అని చెప్పిన్రు గని, ఆఖర్ల ఎపిసోడ్ టూ ముగింపునే మార్చిన్రు. ఏలైను చంపిన శత్రుజీవి అడ్వైజర్‌ను ఆలిక్స్ చంపుతది, ఏలై బతుకుతడు, కోటు ఏసుకున్న అంతుపట్టని మనిషి జీ-మ్యాన్ ఆమెను పట్టుకపోతడు. ఊరంత కూసోని విన్న ఒగ్గు కథల ఆఖరి ఘట్టం మాత్రం లోపలి అర్రల పైసలున్నోళ్ళకే చెప్పినట్టయింది.

హెడ్‌సెట్ పక్షం: అన్నా, పన్నెండేండ్లు ఎందుకు రాలేదో అది కూడ ఆలోచించాలె. ఈ సిరీస్‌ల ప్రతి పెద్ద ఆట ఒక కొత్త పని చేసింది. 1998ల కథ నడుస్తున్నప్పుడు కూడ ఆటను ఆపకుంట, చూపు మన చేతులనే ఉంచిన్రు. 2004ల వస్తువులకు బరువు, తాకిడి వచ్చినయ్, వస్తువులను గుంజి విసిరే గ్రావిటీ గన్ వచ్చింది. 2020ల చేతులొచ్చినయ్. పిస్టల్ల తూటాలు అయిపోతే రీలోడ్‌కు, అంటే మళ్ళ నింపుడుకు, ఆర్ కీ కొట్టుడు ఉండదు. బటన్ ఒత్తి ఖాళీ మ్యాగజిన్ కింద పడేయాలె, భుజం మీంచి చెయ్యి ఎన్కకు పెట్టి సంచిలకెల్లి కొత్తది తియ్యాలె, దాన్ని పిడిల దోపి స్లైడ్ గుంజాలె. హెడ్‌క్రాబ్ అనే పీత లాంటి జీవి మీదికి దుంకుతుంటే చేతులు వణికి మ్యాగజిన్ జారి కింద పడతది. ఆ తడబాటు ఎవ్వరూ స్క్రిప్టుల రాయలే. నీ చేతులే చేసినయ్.

మానిటర్ పక్షం: ఆ చేతుల కోసం ఏమేం పోయినయో చూడు. ఆట మొత్తంల మూడే తుపాకులు. పిస్టల్, షాట్‌గన్, ఎస్ఎంజీ అనే చిన్న మెషిన్ గన్. ఒక్కసారికి వచ్చే కంబైన్ (భూమిని ఆక్రమించిన శత్రువుల) సైనికులు తక్కువ, వాళ్ళ కదలిక నిదానం. ఈ సిరీస్‌కు గుర్తే క్రోబార్ అనే ఇనుప రాడ్, అదే లేదు.

హెడ్‌సెట్ పక్షం: క్రోబార్‌ను ఊకెనే తీసెయ్యలే. పరీక్షించి తీసేసిన్రు. కారణం వాల్వ్‌వాళ్ళే చెప్పిన్రు. వీఆర్‌ల చేతులున్న రాడ్ తలుపులకు, వస్తువులకు తట్టుకుంటది. నీ అసలు చెయ్యి ముందుకు పోతది గని ఆటల రాడ్ ఆగిపోతది, చేతికి బరువు తెలవదు. పైగ అది చేతిల కనపడంగనే ఆడేటోళ్ళు తామే పాత ఆటల హీరో గార్డన్ ఫ్రీమన్ అనుకున్నరు. ఇగ మూడు తుపాకుల సంగతి. మౌసు ఆటల పది తుపాకులున్నా రీలోడ్ ఒక్కటే కీ. ఇక్కడ ఒక్కోదానికి ఒక్కో పని. షాట్‌గన్ అయితే మధ్యల ఇప్పి, గుండ్లు ఒక్కొక్కటి చేత్తోని దోపి, మణికట్టు ఝాడించి మూసెయ్యాలె. చీకట్ల, చూడకుంట, ఆ పని చేతికి అలవాటయ్యేదాక టైం పడతది. పది పెడితే ఏదీ అలవాటు కాదు.

మానిటర్ పక్షం: గట్లనే అనుకో. మరి రెండు తీర్ల చేయరాదా? రెసిడెంట్ ఈవిల్ 7 అనే భయపెట్టే ఆట 2017ల వచ్చింది. టీవీల ఆడినోళ్ళు టీవీల ఆడిన్రు, ప్లేస్టేషన్ హెడ్‌సెట్ పీఎస్ వీఆర్ ఉన్నోళ్ళు అదే ఆటను మొదటికెల్లి ఆఖరుదాక హెడ్‌సెట్‌ల ఆడిన్రు. కార్ల రేసు ఆట గ్రాన్ టూరిజ్మో 7 అట్లనే. ఎవ్వల్నీ బయట నిలబెట్టలే.

హెడ్‌సెట్ పక్షం: రెసిడెంట్ ఈవిల్ 7ల చేతులేడున్నయన్నా? మామూలు గేమ్‌ప్యాడ్ పట్టుకోని, తలకాయ తిప్పి గురి చూసుడే. కళ్ళు లోపలికి పోయినయ్, చేతులు బయటనే ఉన్నయ్.

మానిటర్ పక్షం: దాని తర్వాతది మర్చిపోతున్నవ్. రెసిడెంట్ ఈవిల్ విలేజ్ 2021ల టీవీకి వచ్చింది. 2023 ఫిబ్రవరిల పీఎస్ వీఆర్ 2కు అదే ఆటను ఉచితంగ ఇచ్చిన్రు, ఈసారి రెండు చేతులతోని, చేత్తోనే రీలోడ్ చేసేటట్టు. అదే ఏడు డిసెంబర్‌ల రెసిడెంట్ ఈవిల్ 4 రీమేక్‌కు కూడ ఇచ్చిన్రు. అంటే రెండూ కుదురుతయని తేలింది గద.

హెడ్‌సెట్ పక్షం: స్క్రీన్ ఆటకు చేతులు అతికించుడు కుదురుతది. అది నేను కాదనను. చేతుల కోసం పుట్టిన ఆటకెల్లి చేతులు తీసేసుడు వేరే పని. ఆలిక్స్‌ల ఒక అల్మారి ఇప్పినవనుకో. లోపల సీసాలు, డబ్బాలు, వాటి ఎన్క తూటాలు. చేత్తోని పక్కకు జరిపి వెతకాలె. దొరికింది భుజం మీంచి సంచిలకు ఎయ్యాలె. ఇంజెక్షన్నో గ్రెనేడ్‌నో మణికట్టు జేబుల పెట్టుకోవాలె. ఒక్కో చేతికి ఒక్కటే జేబు, అందుకని ఏది ఉంచుకోవాలె, ఏది వదలాలె అని నిలబడి ఆలోచిస్తవ్. మౌసుతోని ఇదంత ఒక్క కీ. ఆ గదిల పది నిమిషాల పని పది సెకన్లకు వస్తది.

మానిటర్ పక్షం: పనికొచ్చే మాట అన్నవ్. దీనికి మళ్ళ వస్త. ముందు మన ఇండ్ల సంగతి మాట్లాడుదాం. వరంగల్‌ల వీఆర్ ఆడాలంటే ఏమేం గావాలె? వాల్వ్‌వాళ్ళ సొంత హెడ్‌సెట్ ఇండెక్స్ పూర్తి సెట్ 2019ల 999 డాలర్లు. మన దేశంల అమ్మనేలేదు. మెటా కంపెనీ హెడ్‌సెట్ క్వెస్ట్ అంటవ్, మన చేతికి వచ్చేది ఎక్కువ దిగుమతి సరుకే, కరాబయితే వారంటీ ఎవ్వలిస్తరు?

హెడ్‌సెట్ పక్షం: వారంటీ ఇబ్బంది నిజమే. అందుకే కొనేటోళ్ళకు నేను చెప్పేది ఏందంటే, ముందుగాల పాత కంప్యూటర్‌ను చూస్కోమని. ఆలిక్స్‌కు కనీసం కోర్ ఐ5-7500 లేకుంటే రైజెన్ 5 1600 ప్రాసెసర్, 12 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1060 లేకుంటే ఆర్ఎక్స్ 580 గ్రాఫిక్స్ కార్డు, దానికి 6 జీబీ మెమొరీ. ఇది ఇప్పుడు పెద్ద మెషిన్ గాదు. క్వెస్ట్‌ను యూఎస్‌బీ 3 కేబుల్‌తోని కలపొచ్చు, ఐదు మీటర్లుంటే మెసలొచ్చు. వైఫైల ఆడాలంటే కంప్యూటర్‌కెల్లి రౌటర్‌కు లాన్ వైరు, రౌటర్‌కెల్లి హెడ్‌సెట్‌కు 5 గిగాహెర్ట్జ్. రౌటర్ అదే గదిల ఉండాలె. చాలామంది ఇంటర్నెట్ స్పీడ్ పెంచుకుంటరు, దాంతోని లాభం లేదు. బొమ్మ ఇంట్లకెల్లి ఇంట్లకే పోతది, బయటికి పోదు. 2.4 గిగాహెర్ట్జ్ మీద పెట్టిన్రా, బొమ్మ ముక్కలు ముక్కలయితది.

మానిటర్ పక్షం: జాగ?

హెడ్‌సెట్ పక్షం: నడుచుకుంట ఆడాలంటే స్టీమ్‌వీఆర్ అనే వాల్వ్ సాఫ్ట్‌వేర్ అడిగేది 2 మీటర్లు ఇంటూ ఒకటిన్నర. ఆరున్నర ఫీట్లు, ఐదు ఫీట్లు. మంచం గోడకు జరిపితే వస్తది. లేకుంటే నిలబడి, అదీ కాకుంటే కుర్చీల కూసోని ఆడొచ్చు. ఒక్క చేతితోని ఆడే సౌలత్ కూడ ఆటల పెట్టిన్రు.

మానిటర్ పక్షం: మీద ఫ్యాను? ఐదున్నర ఫీట్ల మనిషి కంట్రోలర్ పట్టుకోని చెయ్యి ఎత్తితే ఏడు ఫీట్లు దాటుతది. తక్కువ ఎత్తు స్లాబుల రెక్క ఎంత దూరముంటది? గ్రెనేడ్ విసిరినప్పుడు ఏమైతదో నాకు చెప్పనవసరం లేదు.

హెడ్‌సెట్ పక్షం: ఫ్యాను కింద ఆడనే ఆడొద్దు. సీలింగ్ ఫ్యాను బందు చేసి, స్టాండు ఫ్యాన్‌ను ఆడే జాగ అంచుకు బయట ఒక్క దిక్కే పెట్టాలె. గాలి ఏ దిక్కుకెల్లి వస్తుందో దాన్నిబట్టి నువ్వు ఎటు తిరిగినవో కళ్ళు మూసినా తెలుస్తది, గోడకు గుద్దుకోవు. కడుపుల తిప్పుడు కూడ జర తగ్గుతది.

మానిటర్ పక్షం: మే నెలల మన కాడ 43, 44 డిగ్రీలు. ముఖానికి డబ్బా కట్టుకోని గంట ఉండుడు ఎట్ల?

హెడ్‌సెట్ పక్షం: ఎండకాలం పొద్దటి పూట, లేకుంటే రాత్రి. ఫోమ్ చెమట తాగి వాసనొస్తది, సిలికాన్ కవర్ ఏసి తుడుసుకోవాలె. అద్దాల మీద ఆవిరి పట్టిందంటే కారణం అద్దం చల్లగ, ముఖం వేడిగ ఉండుడే. రెండు మూడు నిమిషాలు హెడ్‌సెట్ చాలు చేసి పక్కన పెడితే అద్దం వేడెక్కుతది. పొడి మైక్రోఫైబర్ బట్టతోనే తుడవాలె, స్పిరిట్ తాకియ్యొద్దు. ఇంకొకటి, కిటికీ కాడ వదిలెయ్యొద్దు. ఎండ అద్దంల పడితే అది భూతద్దం పని చేసి లోపలి తెరను కాలుస్తది. ఆ మచ్చ పోదు. ఇండెక్స్ బేస్ స్టేషన్లయితే, అంటే హెడ్‌సెట్ ఎక్కడున్నదో తెలవనీకి కిరణాలు వదిలే డబ్బాలు, గది మూలలకు ఎదురుబొదురు, తలకన్న ఎత్తుల, కిందికి వంచి బిగించాలె. అద్దాల బీరువా ఉంటే దాని మీద దుప్పటి కప్పాలె. కిరణాలు అద్దంల తిరిగొస్తే చేతులు గాలిల ఎగురుతయ్.

మానిటర్ పక్షం: కడుపుల తిప్పుడు అన్నవ్. నాకు దాని మీదనే పెద్ద అభ్యంతరం. కళ్ళు ఉరుకుతున్న అంటయ్, చెవిలోపలి తూకం నిలబడ్డ అంటది. కొందరికి ఎన్ని దినాలు ఆడినా పోదు. ఇరవై ఏండ్లకు పైగ ఈ సిరీస్‌ను ప్రేమించిన మనిషికి "నీ శరీరం పనికిరాదు" అని చెప్పుడు ఎంత బాధ!

హెడ్‌సెట్ పక్షం: అందరికీ పోతదని నేను అనను. గని చాలామందికి తప్పు మొదటి దినమే జరుగుతది. సీదా కంట్రోలర్ మీది స్టిక్‌తోని ఉరుకుడు పెట్టుకుంటరు. ఆటల బ్లింక్ (రెప్పపాటుల అక్కడికి చేరుడు), షిఫ్ట్ (జల్ది జారి పోవుడు), ఆగకుంట నడుసుడు అని వేర్వేరు తీర్లున్నయ్. బ్లింక్‌తోని మొదలుపెట్టాలె. తిరుగుడు మెత్తగ గాకుంట ముక్కలు ముక్కలుగ పెట్టాలె. పదిహేను, ఇరవై నిమిషాల కాడ ఆగాలె. ఆవలింతలు, నుదుట చల్లటి చెమట వచ్చిందా, అప్పుడే తీసెయ్యాలె. ఓర్చుకోని ఆడితే మెదడు ఆ వికారాన్నే నేర్చుకుంటది, మర్నాడు హెడ్‌సెట్ చూస్తేనే తిప్పుతది. కంటిపాపల నడుమ దూరం కూడ చూస్కోవాలె. క్వెస్ట్ 2ల 58, 63, 68 మిల్లీమీటర్లని మూడే మెట్లు. నీది నడుమ పడితే తలనొప్పి రావొచ్చు. ఇగ ఫ్రేములు. 90 హెర్ట్జ్, అంటే సెకనుకు 90 బొమ్మలు, కావాలంటే ఒక్కో బొమ్మ 11 మిల్లీసెకన్లల్ల తయారు గావాలె. కార్డుకు చాతగాకుంటే 45కు పడిపోయి నడుమ బొమ్మలు కల్పిస్తది, చేతుల అంచులు వణుకుతయ్. గ్రాఫిక్స్ తగ్గించు, ఫ్రేములు తగ్గనియ్యకు.

మానిటర్ పక్షం: ఇన్ని చెప్పినవ్, అన్నీ పనికొచ్చేటియే. గని ఇన్ని చేస్తేనే ఆడగలుగుతం అనేదే నా వాదన. వాల్వ్ ఆటల ఆన్‌లైన్ దుకాణం స్టీమ్ చేసే సర్వేల హెడ్‌సెట్ ఉన్నోళ్ళు వందల ఇద్దరి చుట్టే తిరుగుతున్నరు. ఇంకో మాట. 1998 హాఫ్-లైఫ్ ఇయ్యాల్టి కంప్యూటర్‌ల కూడ నడుస్తది. మరి విండోస్ మిక్స్‌డ్ రియాలిటీ హెడ్‌సెట్లు కొని ఆలిక్స్ ఆడినోళ్ళ గతేంది? విండోస్ 11 24హెచ్2 అప్‌డేట్‌తోని మైక్రోసాఫ్ట్ ఆ సపోర్టే తీసేసింది. హెడ్‌సెట్ బాగనే ఉన్నది, ఆట బాగనే ఉన్నది, నడుమ మైక్రోసాఫ్ట్ ఇచ్చిన దారి పోయింది. ఒక సిరీస్ గుండెను గిసొంటి సామాను మీద పెట్టుడు తప్పు.

హెడ్‌సెట్ పక్షం: అది గట్టి మాట అన్నా. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. సెకండ్ హ్యాండ్‌ల సస్తా అని ఆ హెడ్‌సెట్లు కొనొద్దని మాత్రం నేను కూడ చెప్త.

మానిటర్ పక్షం: అభిమానులే దారి చూపెట్టిన్రు. 2022 సెప్టెంబర్‌ల హాఫ్-లైఫ్ 2 వీఆర్ మాడ్, అంటే అభిమానులు ఆటకు చేసిన మార్పు, స్టీమ్‌ల ఉచితంగ వచ్చింది. పాత ఆట ఉంటే చాలు. ఆటకు ఏం నష్టం గాలే.

హెడ్‌సెట్ పక్షం: ఏం గాలే అంటవా? ఎయిర్‌బోట్ అధ్యాయం ఎక్కి చూడు. కాలువల పడవ ఎగిరెగిరి పడుతుంటే నీ శరీరం కుర్చీల కదలకుంట ఉంటది. వీఆర్‌కు అలవాటైనోళ్ళకు కూడ తిప్పుతది. ఆ మాడ్ చేసినోళ్ళు కష్టపడ్డరు, నాకు వాళ్ళంటే గౌరవం. గని 2004ల గీసిన మ్యాపు మౌసు కోసం గీసిందే.

మానిటర్ పక్షం: మరి ఇటు దిక్కు చూద్దాం. ఆలిక్స్‌ను హెడ్‌సెట్ లేకుంట ఆడే నోవీఆర్ మాడ్ ఉన్నది. అసలు ఆట కొనాలె, మాడ్‌కు పైసలు లేవు. నువ్వన్న అల్మారి గది పది సెకన్లల్ల అయిపోతది, నిజమే. గని కథ జరిగే నగరం సిటీ 17 మీద వేలాడే పెద్ద కట్టడం వాల్ట్, చెవుల వినపడే దోస్తు రసెల్ మాటలు, గోడల లోపలి వైర్లు ఎతుక్కుంట పోవుడు, అన్నీ మానిటర్ల కూడ నిలబడ్డయ్. పని చేసింది ఇండ్లల్ల కూసున్న అభిమానులు. వాల్వ్ చేస్తే ఇంకెంత మంచిగ వచ్చేది?

హెడ్‌సెట్ పక్షం: జెఫ్ అధ్యాయం కూడ నిలబడ్డదా? జెఫ్ అంటే వోడ్కా బట్టీల గుడ్డి రాక్షసుడు, చప్పుడు వింటే వస్తడు. గాలిల విషపు పొడి, దగ్గు రాకుంట చెయ్యి నోటికి అడ్డం పెట్టుకోవాలె. మిగిలేది ఒక్క చెయ్యి. దాంతోనే తలుపు తియ్యాలె, తీస్తే లోపలికెల్లి సీసా జారుతది, అది కింద పడక ముందే అందుకోవాలె. నోటి మీద చెయ్యి తీస్తే దగ్గు, తియ్యకుంటే సీసా పగులుడు.

మానిటర్ పక్షం: నోరు మూసుడు ఒక కీ మీద పెట్టొచ్చు. నువ్వు చెప్పిన ఆ ఇరకాటం కీ మీద రాదు. ఒప్పుకుంట. పదకొండు అధ్యాయాలల్ల ఆ ఒక్కటి నీది. మిగిలిన పదింటికి మానిటర్ దారి అడుగుడు మాత్రం నేను ఇడువ.

హెడ్‌సెట్ పక్షం: పది గాదన్నా, తొమ్మిది. ఆఖరి అధ్యాయంల వాల్ట్ లోపల ఆలిక్స్ చేతి గ్లవ్స్‌కు శక్తి వస్తది. వెలుగును అరచేతుల పట్టుకోని సైనికుల మీదికి విసురుతవ్. మౌసుతోని అది ఇంకో తుపాకీ లెక్కనే అనిపిస్తది. అది కూడ చేతుల అధ్యాయమే.

మానిటర్ పక్షం: ఏలై బతికింది కూడ ఆ అధ్యాయంలనే తమ్మీ. అది ఇయ్య.