నీళ్లు తప్ప అన్నీ తెచ్చిన నీటిరంగుల సారు

ఆరుబయట బొమ్మ వేయడానికి ఏమేం తీసుకెళ్లాలో తెలియకపోతే ఓరుగల్లు కోటకు వచ్చే చిత్రకారులను చూసి నేర్చుకోండి. వెడల్పంచు టోపీ. ఫోన్‌కో స్టాండు, బొమ్మకో స్టాండు. పద్నాలుగు కుంచెలు, వాటిలో పన్నెండు ఊరికే షికారుకొస్తాయి. పాటల స్పీకరు. నీటిరంగులు. నీళ్లు మాత్రం ఉండవు.

ఈ ఘనకార్యం కోటలోని కాకతీయుల రాతి ద్వారం, కీర్తితోరణం ఎదుట పదిన్నరకు మొదలవుతుంది. ఆరున్నరకొస్తే నీడలు పొడుగ్గా, చెక్కడం విడివిడిగా కనిపిస్తుంది గానీ, మరి టిఫిన్ సంగతో? కాగితం బిగించి, ఒంటికన్నుతో కొలతలు తీసి, సెల్ఫీ దిగి, కుంచె పట్టాక అసలు సంగతి గుర్తొస్తుంది. సారు చాయ్ బండి దగ్గరికి నడుస్తారు.

"అన్నా, జర నీళ్లు పొయ్యవా."

"తాగనీకా సార్?"

"బొమ్మ ఎయ్యనీకి."

చాయ్ అన్న ఆ టోపీని, స్టాండును మార్చి మార్చి చూసి, "గింత సామానుల నీళ్లు లేవా సార్" అంటూ తాగి పెట్టిన గాజు గ్లాసులో సగం పోస్తాడు. ఆ సగంతోనే కాకతీయ సామ్రాజ్యం మొత్తం తడవాలి. మూడుసార్లు ముంచేసరికి గ్లాసు నిండా బురద. అందులో పసుపు కలిపినా బురదే, ఆకాశం కలిపినా బురదే. అడుగున చక్కెర ఉండటంతో ఆకాశం ఆరీ ఆరకముందే చీమలు వచ్చేస్తాయి. ఆ బొమ్మను దగ్గరగా చూసిన రసజ్ఞులు అవే.

అసలు తీసుకెళ్లాల్సింది ఇది: లీటరు నీళ్ల సీసా బొమ్మకు, ఇంకోటి మనిషికి. డబ్బాలు రెండు: ఒకటి కుంచె కడగడానికి, ఒకటి రంగు కలపడానికి. మే నెల 42 డిగ్రీల్లో పూత పరచేలోపే ఆరి అంచు కడుతుంది. కాగితాన్ని వెనకవైపు కూడా తడిపి, స్ప్రే సీసా పక్కన పెట్టుకుంటే తడి కాస్త ఆగుతుంది. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) మందపాటి కాటన్ కాగితం, ఫుల్ షీటులో పావు వంతు చాలు. రాతి బూడిదరంగుకు అల్ట్రామెరైన్ నీలంలో బర్న్ట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగు కలపండి. నీడల హద్దులు ముందే పెన్సిల్‌తో గీసుకోండి, రెండు గంటల్లో అవి అక్కడుండవు. గొడుగు తెల్లదో నల్లదో అయి ఉండాలి. ఎన్నికలప్పుడు పంచిన రంగు గొడుగు కింద కూర్చుంటే తోరణం కూడా పార్టీ మారుతుంది.

ఇక్కడిదాకా నవ్వుకోవచ్చు. లేచి వెళ్లేటప్పుడు సారు ఆ మురికినీళ్లు చెక్కిన రాయి మీద గుమ్మరిస్తారు. గుడ్డముక్క తేలేదు కాబట్టి కుంచెను రాతిలో చెక్కిన హంస రెక్కకు తుడుస్తారు. 1163 నాటి వేయిస్తంభాల గుడి దగ్గరా ఇదే తంతు. కాడ్మియం లాంటి విష లోహాలున్న రంగులూ ఉంటాయి కదా, ఆ సంగతి తెలియదా? ఆ హంసను ఉలితో తీర్చినవాడి పేరైనా మనకు మిగల్లేదు, వాడి పని నీకు చేతిగుడ్డా? పాత బనియన్ ముక్క ఎంత బరువని మోయలేకపోయావు? మూతున్న డబ్బాలో ఆ నీళ్లు పోసుకుని ఇంటికి పట్టుకుపోతే నీ కళ ఏమన్నా కరిగిపోతుందా?

బొమ్మ సాయంత్రానికల్లా ఫోన్లోకి ఎక్కేసింది. చాయ్ అన్న గ్లాసు మాత్రం తోరణం కిందే ఉంది.